బతికిన మొక్కలను లెక్కపెట్టాలె

మన దేశంలో 1950 నుండి వనమహోత్సవం జరుపుతున్నారు. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. చాలాసార్లు నాటిన మొక్కలనే లెక్కపెడుతరు. బతికినవి లెక్కపెట్టాలని నా అభిప్రాయం. ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యగారు ఒక్కరోజు నాటి ఊరుకోలేదు, జీవితమంతా అదే పని చేసిండ్రు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మన ఎల్లారెడ్డిపేట ఎండలు అందరికి ఎరుకే. బియ్యం కడిగిన నీళ్ళు మోరీల పోనియ్యకుండ మొక్కలకు పొయ్యాలె. మొక్కతోని వచ్చిన నల్లకవరును చింపి పారెయ్యకుండ మెల్లగ తీస్తే, మళ్ళ మట్టి నింపి వేపగింజ పెట్టొచ్చు.

అసలు కష్టం ఎండకాలం సెలవులల్ల. మనం ఇంటికి పోతం, మొక్కలు ఇక్కడనే ఉంటయి. అప్పుడు నీళ్ళు పోసే మనిషిని వార్డెన్ మేడంగారు ముందే చూడాలని కోరుతున్నాను. జూన్‌ల రాంగనే లెక్కపెడుదాం.

– 9వ తరగతి విద్యార్థిని