శ్రీహరికోట దీవిలో ఎవరుండిరి?



రాకెట్టు ఆకసమునకు లేచు దినమున నెల్లూరు తీరమందలి పిల్లలు మిద్దెలెక్కి, పొగగీత కనబడగానే చప్పట్లు చఱతురు. 2023వ సంవత్సరము జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేఱినది ఎక్కడనుండి యని యడిగిన, పసివాడు సైతము శ్రీహరికోట యని చెప్పును. పూర్వ మచ్చట ఎవరు కాపురముండిరి యని యడిగిన, పెద్దలమైన మనమే మౌనము వహింతుము. ఈ నెల ఆ ప్రశ్ననే ముచ్చటింతము.

శ్రీహరికోట పేరునకు కోటయే గాని నిజమునకు దీవి. తూర్పున బంగాళాఖాతము, పడమట, ప్రళయకావేరి యని ఇచ్చటివారు పిలుచు పులికాట్ సరస్సు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత పెద్దది ఇదియే. దీవికి సూళ్లూరుపేట వాకిలివంటిది. ఈ ప్రాంతము 2022 వఱకు నెల్లూరు జిల్లాలో నుండి, పిమ్మట తిరుపతి జిల్లాలో చేరినది.

ఈ దీవి అడవులలో చిరకాలముగా నివసించినవారు యానాదులు. తాటాకు గుడిసెలలో కాపురముండి, చేపలు పట్టి, తేనె తీసి, దుంపలు త్రవ్వి జీవించిరి. ఏ ఆకు ఏ రోగమునకు పనికివచ్చునో వారికి కరతలామలకము. 1835లో దీవి దొరతనమువారి వశమైన పిదప అడవిసరకు సేకరించు పని వారికే అప్పగింపబడెను. తేనె, చింతపండు, కుంకుడుకాయలు, సుగంధిపాల వేళ్లు, ముష్టిగింజలు, చిరివేరు వారు తెచ్చిన సరకులు.

వీనిలో చిరివేరును గూర్చి మనము ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఇది ఇసుకనేలలో మొలచు చిన్న మొక్క వేరు. పటిక పట్టించిన నూలుబట్టను ఈ వేరు ఉడికిన నీటిలో కాచిన, ఉతికినను వదలని ఎఱ్ఱదనము పట్టును. రసాయనపు రంగులు రాకపూర్వము ఈ తీరపు అద్దకపు బట్టలకు ఎఱుపు నిచ్చినది ఇట్టి వేరే. మన ముత్తవ్వల చీరల అంచున వెలిగిన యెఱుపు వెనుక ఇసుక త్రవ్విన చేతులున్నవని ఎందఱ మెఱుగుదుము?

తరువాత దీవిలో సరుగుడు తోటలు పెరిగినవి. ఆ వంటచెఱకు పడవలకెక్కి బకింగ్‌హాము కాలువమీదుగా చెన్నపట్టణము చేరి, అచ్చటి పొయ్యిలలో మండెను.

1969లో రాకెట్టు కేంద్రమునకు ఈ దీవిని ఎన్నుకొనిరి. భూమి తూర్పునకు తిరుగుచున్నందున తూర్పుగా వదలిన రాకెట్టునకు ఆ వేగము తోడగును. రాలు తునుకలు ఊళ్లపై గాక సముద్రమున పడును. సుమారు 145 చదరపు కిలోమీటర్లు కేంద్రమునకు చేరినవి. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు లేచెను. దీవిలో ఊళ్లున్నవారు పెక్కుమంది ఆవలి గట్టునకు తరలిరి. కొన్ని యానాది కుటుంబములు దీవిలోనే నిలిచి కూలిపనులలో చేరినవి.

పసిఫిక్ మహాసముద్రమందలి బికినీ దీవివారిని 1946లో అణుబాంబు పరీక్షలకై తరలించిరి. నేల విషపూరితమై, వారు మరల స్థిరముగా చేరలేకపోయిరి. మన దీవి కట్టి గతి పట్టలేదు. ఇచ్చటినుండి 2016లో పైకెగసిన ఇన్సాట్-3డీఆర్ వంటి ఉపగ్రహములు తుపాను జాడను ముందే తెలిపి, మన తీరపు ప్రాణములను కాపాడుటకు తోడ్పడుచున్నవి. ఆ మేలు మఱువరాదు. అయినను పుట్టిన గుడిసెను విడిచిన తల్లి దుఃఖము ఎచ్చటనైనను ఒక్కటియే.

రాకెట్టు లేచిన తేదీలు పుస్తకముల కెక్కినవి. లేచిపోయిన ఊళ్ల ముచ్చట ముసలివారి నోట మాత్రమే మిగిలియున్నది. ఈ తీరమున ఎన్నియో యిండ్లలో యానాదులు రాత్రి కావలి కాచిరి. వారి స్త్రీలు వాకిళ్లూడ్చిరి. మనము వారికి పని చెప్పితిమే గాని, "అవ్వా, నీ పుట్టినూరేది?" యని ఎన్నడైన అడిగితిమా?

ఇకనైన అడుగుదము. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతముల సోదరీమణులు ఒక నోటుపుస్తకము తీసికొని, తమ యెఱుకలోని వృద్ధురాలి సరసను కూర్చుండి, ఆమె సమ్మతితో ఊరిపేరు, ఆమె యెఱిగిన మూలికలు, పాడిన పాటలు ఆమె మాటలలోనే వ్రాసి పెట్టుడు. ఈమాఱు రాకెట్టు లేచినపుడు, చప్పట్లు చఱచిన పిల్లలకు ఆ పుటలు చదివి వినిపింపుడు. ఆ దీవి ఎవరి పుట్టినిల్లో వారికిని తెలియును.