తుడవడానికి ఇల్లంతా మనదే... మరి గోడ?

మీ ఇంటి హాల్లో షోకేసు ఉందా? ఉంటే ఈ పేజీ కాస్త పక్కన పెట్టి, అందులో ఏమేం ఉన్నాయో ఒక్కసారి చూసి రండి. పోనీ, నన్ను చెప్పమంటారా? మీవారికి ఆఫీసు ఆటల పోటీల్లో వచ్చిన కప్పులు, పిల్లల షీల్డులు, ఎవరి గృహప్రవేశంలోనో ఇచ్చిన గడియారం, ప్లాస్టిక్ కవరైనా విప్పని గాజు బొమ్మ, ఒక పాలరాతి తాజ్‌మహల్. వాటిలో మీరు మీకోసం ఇష్టపడి, ఏరుకుని, దాచుకున్నది ఒక్కటైనా ఉందా?

మా ఇంట్లో ముప్ఫై ఏళ్లకు పైగా లేదు. నావి మంచం కింద బిస్కెట్ డబ్బాల్లో, పాత నూలు చీర ముక్కల్లో చుట్టి ఉండేవి. ఏమిటంటారా? లక్కపిడతలు. నవ్వితే నవ్వండి. అరవై దాటిన దాన్ని, ముప్ఫై మూడేళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. అయినా రోడ్డు పక్క కొట్లో వేలెడంత తిరగలి కనిపిస్తే నా కాళ్లు ఆగిపోతాయి.

ఈ పిచ్చి మా అమ్మ నుంచి వచ్చింది. మా పుట్టిల్లు యలమంచిలి దగ్గర. అక్కడికి ఏటికొప్పాక ఎంతో దూరం లేదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అక్కడి వాళ్లు అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. కర్ర అలా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క పుల్లను దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ మీద మొగలి ఆకుతో మెరుగు పెడితే అద్దంలా నున్నగా వస్తుంది. పసుపు రంగుకు పసుపే, నీలానికి నీలిమందే. మా చిన్నప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్లో తీర్థం జరిగినా ఈ లక్కపిడతలు గుట్టలు పోసి అమ్మేవారు. గుండిగ, తప్పేలా, పొయ్యి, రోలు, రోకలి, కవ్వం, పప్పుగుత్తి అన్నీ అరచేతిలో ఇమిడిపోయేవే.

మేం ఆడుకుని పారేసేవాళ్లం. అమ్మ మాత్రం తీర్థానికి వెళ్లినప్పుడల్లా తనకోసం ఒకటి కొనుక్కునేది. పావలాదో, అర్ధరూపాయిదో. ఇంటికొచ్చాక నాన్నకు చూపించేది కాదు. తిన్నగా అటక మీది గోనెసంచిలోకే. ఎప్పుడన్నా మధ్యాహ్నం పూట సంచి దింపి, చాప మీద అన్నీ పరిచి, నన్ను దగ్గర కూర్చోబెట్టుకునేది. "ఇది నువ్వు కడుపులో ఉన్నప్పుడు కొన్నది. ఇదేమో మీ మావయ్య ఉద్యోగంలో చేరిన ఏడు. ఈ కుంకుమ భరిణె మా అమ్మ నాకు ఆఖరిసారి కొనిపెట్టింది." అరవైకి పైగా ఉండేవి. ప్రతిదానికీ ఒక ఏడూ, ఒక మనిషీ.

అమ్మ 2001 నవంబరులో పోయింది. ఏటిసూతకం వెళ్లాక 2003లో మా ఇంట్లో మళ్లీ సంక్రాంతి చేసుకున్నాం. నేను భోగినాటి పొద్దున బస్సు దిగి వెళ్లేసరికి మంట ఆరిపోవస్తోంది. స్నానం చేసి అటకెక్కి చూస్తే సంచి లేదు. "పాత చెక్కసామానుంటేనూ, పురుగు పట్టిందని భోగిలో వేసేశానే" అన్నాడు అన్నయ్య. బూడిదలో పుల్లతో వెతికాను. ఏముంటుంది? లక్క కరిగిపోతుంది, అంకుడు కర్ర ఇట్టే కాలిపోతుంది.

అన్నయ్య చెడ్డవాడేమీ కాదు. అమ్మను కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఆ సంచిలో ఉన్నవి అమ్మ ప్రాణాలని తెలిసి ఉంటే తన చేయి కాల్చుకునైనా తీసేవాడు. తెలియలేదు, అంతే. ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్లు ఒక వస్తువును గోనెసంచిలో పెట్టి అటక మీద ఉంచితే, అది పాతసామానని ఇంట్లో వాళ్లకు మనమే చెబుతున్నట్టు కాదూ? అమ్మ కూడా వాటిని "నా పిచ్చి" అనే అనేది. మన ఇష్టానికి మనమే పిచ్చి అని పేరు పెట్టుకుంటే, ఇంట్లో వాళ్లు దానికి ఇంకో పేరు ఎక్కణ్నుంచి తెస్తారు?

అయ్యో, ఇదీ ఒక సమస్యేనా, గ్యాసు ధరల గురించో, ఆడపిల్లల చదువుల గురించో రాయక అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. 2003 దాకా నేనూ అలాగే అనుకున్నాను. పైగా "ఇల్లంతా ఆడదానిదే కదా, ప్రత్యేకంగా ఒక మూల ఎందుకు" అనే మాట మనకు ఉగ్గుపాలతో పోశారు. తుడవడానికి ఇల్లంతా మనదే, నిజమే. మేకు కొట్టాలంటేనే అందరినీ అడగాలి. కొత్త ఫ్లాటు కొనుక్కునే వాళ్లను చూడండి. టీవీకి గోడ ఉంటుంది, దేవుడికి గది ఉంటుంది, చెప్పులకు స్టాండుంటుంది. ఆవిడగారు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ముగ్గుల పుస్తకాలో, నాణేలో, గాజులో ఎక్కడ పెట్టుకుంటుందని ఎవరూ అడగరు. ఆవిడ కూడా అడగదు, అదే నా బాధ.

ఆ భోగి తర్వాత నేను కొనడం మొదలుపెట్టాను. మొదట్లో అమ్మవి ఎలా ఉండేవో అలాంటివే వెతికాను. తర్వాత ఏది నచ్చితే అది. నూట నలభై అయ్యాయి. తమాషా చూడండి, ఈ లోపల ఏటికొప్పాక బొమ్మలు ఎంతో ఎత్తుకు వెళ్లాయి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకుల రంగులూ గింజల రంగులూ మళ్లీ వాడుకలోకి తేవడానికి పాటుపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డేకి మన శకటం మీద ఢిల్లీలో ఊరేగాయి. మా ఇంట్లో మాత్రం 2023 దాకా మంచం కిందే!

ఆ ఏడాది వేసవిలో పుట్టింటి పాత పెంకుటిల్లు తీసేస్తున్నామని అన్నయ్య కబురు పెట్టాడు. వెళ్లి, పడమటి గది కిటికీ తలుపులూ ఒక ద్వారబంధం ముక్కా అడిగి తెచ్చుకున్నాను. మంచి టేకు. పైన నాలుగు పొరల పచ్చ పెయింటు. చిత్రిక పడితే లోపల తేనె రంగు. "దీనితో ఏం చేస్తావు?" అన్నారు మావారు. "లక్కపిడతలకు అరల బీరువా, హాల్లో గోడకు" అన్నాను. "చేయించుకో, కానీ హాల్లో ఎందుకు? వెనక గదిలో పెట్టుకో. వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

"మీ షటిల్ కప్పులను చూసి ఏమనుకున్నారో అదే" అన్నాను. చెప్పొద్దూ, పెళ్లయిన ముప్ఫై రెండేళ్లలో అలాంటి జవాబు ఇవ్వడం అదే మొదలు. రెండు రోజులు మాటల్లేవు. ఆ గోడ మీద ఆయనకు పెద్ద టీవీ పెట్టాలని ఉందట. మూడోనాడు టేపు తెచ్చి, "ఎంత వెడల్పు?" అన్నారు.

ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరూ చేయించుకోవాలని నా ఆశ. వడ్రంగి దగ్గరకు వెళ్లేముందు మీ వస్తువులన్నీ నేల మీద కాగితాలు పరిచి, ఎత్తును బట్టి వరసలుగా పెట్టండి. కొలతలు వాటి నుంచే రావాలి. మా వడ్రంగి మామూలు షెల్ఫులా అడుగు లోతు పెడదామన్నాడు. వద్దన్నాను. లోతు ఎక్కువైతే ఒకదాని వెనక ఒకటి చేరుతుంది, వెనక ఉన్నది మళ్లీ అటకెక్కినట్టే. నాలుగంగుళాల లోతు చాలింది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, ఏడు అరలు. పైన పళ్లాలకూ మూకుళ్లకూ రెండున్నర అంగుళాల ఎత్తు, కింద బిందెలకూ భరిణెలకూ అయిదు. మేకులు లేకుండా చెక్కలో చెక్క దూర్చి బిగించాడు. రంగు వేయనివ్వలేదు, అవిసె నూనె మాత్రం పట్టించాను. ముందు జరిపే అద్దాలు. కలప నాది, మూడు రోజుల కూలీ, అద్దాలు, నూనె అన్నీ కలిపి ఆరు వేలలోపు. నా పెన్షన్ డబ్బులే.

గోడ విషయంలో మాత్రం తొందరపడకండి. స్నానాల గదికి ఆనుకున్న గోడ వద్దు, చెమ్మ వస్తుంది. చెమ్మ వస్తే చెదలూ వస్తాయి. ఎండ నేరుగా పడే చోటూ వద్దు. పసుపుతో వేసిన రంగు ఎండకు వెలిసిపోతుంది. బీరువాకూ గోడకూ మధ్య అరంగుళం సందు ఉంచితే గాలాడుతుంది. లోపల వేడెక్కే బల్బులు పెట్టకండి, లక్క మెత్తబడుతుంది. దుమ్ముకు పొడి బ్రష్షు చాలు, తడిగుడ్డ పనికిరాదు. ఇంకొక మాట. 2020లో కరోనా భయంతో చేతికందిన ప్రతిదీ శానిటైజరుతో తుడిచేవాళ్లం కదా! అలాగే ఒక ఎర్ర భరిణెను తుడిచాను. దూదికి ఎరుపంతా అంటుకుని వచ్చేసింది. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుందని అప్పుడు తెలిసింది. ఆ భరిణె ఇప్పుడు నాలుగో అరలో, బోడిగా ఉన్న వైపు గోడకు తిప్పి ఉంది.

గోడకు ఎక్కించిన రోజున నేను ఊహించనిది ఒకటి జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మాయి అంతా చూసి, "చాలా బాగుందమ్మా, మ్యూజియంలా ఉంది. కానీ ఇవి ఆడుకోవడానికి చేసినవి కదా" అంది. వెనకాలే ఆరేళ్ల మనవరాలు అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. కోపం వచ్చింది నాకు. ఇన్నాళ్లకు ఒక గోడ దొరికితే, దాన్లోనూ వాటా ఇవ్వాలా అని. ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే, అమ్మ చాప మీద పరిచినప్పుడు నేను ఒక్కటైనా ముట్టుకోకుండా ఉన్నానా అనిపించింది. మర్నాడు వడ్రంగిని పిలిచి అడుగు అరకు అద్దం తీయించేశాను. అంచు విరిగినవీ, జతలో రెండోవీ ఆ అరలోకి దించాను. అవి దాని ఇష్టం. పై ఆరూ నావి, అడగకుండా తీయకూడదు. దానికి ఈ లెక్క వెంటనే అర్థమైంది. పెద్దవాళ్లకే కాస్త సమయం పట్టింది.

మావారి సంగతి అడగకండి. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆయనే లేచి ఆ బీరువా దగ్గరకు తీసుకెళ్తారు. "ఇవి పొణికి కర్రతో చేస్తారండీ" అని మొదలుపెడతారు. పొణికి కొండపల్లి బొమ్మలకు, ఇవి అంకుడు అని వంటింట్లోంచి నేను అరవాలి. షటిల్ కప్పులు ఇప్పటికీ షోకేసులోనే ఉన్నాయి. వాటితో నాకేం పేచీ లేదు.

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాను. వదిన నన్ను వెనక గదిలోకి పిలిచి, ట్రంకుపెట్టె మూత తీసింది. లోపల పాత హార్లిక్స్ సీసాల నిండా గవ్వలూ శంఖాలూ. పెళ్లయిన కొత్తల్లో భీమిలి వెళ్లినప్పుడు ఏరుకున్నవట, ఆ తర్వాత సముద్రానికి వెళ్లినప్పుడల్లా ఏరినవట. నలభై ఏళ్లుగా ఆ ఇంటికి వెళ్తూ వస్తూ ఉన్నాను, నాకే తెలియదు.

"మీ వడ్రంగి ఇంత దూరం వస్తాడంటావా?" అంది.

"వస్తాడు. ముందు గోడ చూసుకున్నావా?"

"హాల్లోదే. కిటికీ పక్కది."

"మరి అన్నయ్యను అడిగావా?"

"అడగలేదు" అంది వదిన సీసా మూత బిగిస్తూ. "చెప్పాను."