పెట్టెలో ట్యాంకు ఉంది, పొలం లేదు

ఈ సంచికకు వ్యాసం ఇమ్మని అడిగినప్పుడు నేను నిరుద్యోగం గురించో, సెమిస్టరు పరీక్షల గురించో రాస్తాననుకున్నారు సంపాదకవర్గం మిత్రులు. బొమ్మ ట్యాంకు గురించి రాస్తానంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవును, బొమ్మే. కానీ ఆ బొమ్మ మీద మా హాస్టలు గదిలో రెండు నెలల పాటు జరిగిన వాదన మాత్రం చిన్నది కాదు. అందులో నా పక్షం ఏమిటో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

నా రూమ్మేటు సాయంత్రం టీ, టిఫిన్లు మానేసి కూడబెట్టిన డబ్బుతో జపాన్ తమియా కంపెనీ వారి కిట్ ఒకటి తెప్పించుకున్నాడు. రష్యన్ టి-72 ట్యాంకు, 1/35 స్కేలు. పెట్టె విప్పగానే ట్యాంకు కనబడదు. చట్రాలకు కాయల్లా అంటుకున్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, ఆకురాయితో గరుకు తీసి, జిగురుతో అతికి, రంగు వెయ్యాలి. అంతా అయ్యాక ఒళ్లు జానెడు, ముందుకు పొడుచుకొచ్చిన ఫిరంగి గొట్టం ఇంకో నాలుగు వేళ్లు.

చూసినవాళ్లు రెండు జట్లయ్యారు. "ఏరా, ఇరవయ్యేళ్లొచ్చాక కూడా బొమ్మలేనా?" అన్నది ఒక జట్టు. "ఇది యుద్ధాన్ని పూజించడం, ఇళ్లు కూల్చే యంత్రాన్ని షోకేసులో పెట్టి మురిసిపోవడం" అన్నది రెండో జట్టు. మొదటి జట్టు మాట పొరపాటు. రెండో జట్టు మాట సగం నిజం. ఆ మిగతా సగం ఎక్కడుందో వెతకడమే నా పని.

ముందు 'బొమ్మ' అన్న మాట సంగతి చూద్దాం. 1942లో అమెరికా నౌకాదళం తమ దేశపు బడిపిల్లలను ఐదు లక్షల నమూనా విమానాలు చేసి ఇమ్మని అడిగింది. కొయ్యతో, 1/72 స్కేలులో. ఎందుకు? ఆకాశంలో కనబడే విమానం మనదా, శత్రువుదా అని క్షణంలో పోల్చుకోవడం సైనికులకు నేర్పడానికి. లెక్క వేసి చూడండి. 1/72 నమూనాను 35 అడుగుల దూరంలో పట్టుకుంటే 35 ఇంటూ 72, అంటే 2,520 అడుగులు. సుమారు అర మైలు దూరాన ఎగిరే అసలు విమానం ఎంత కనబడుతుందో అంతే కనబడుతుంది. క్లాసులో మనం కోణాల గురించి చదివేదే ఇది. మన వయసుకన్నా చిన్నవాళ్లు చేతులతో చేసి చూపించారు. వాళ్లు చేసింది బొమ్మే, అది యుద్ధ సామగ్రి కూడా.

1/35 కథ ఇంకో రకం. తమియా కంపెనీ పుట్టింది షిజువోకా పట్నంలో. 1945 జూన్‌లో అమెరికన్ బాంబులకు కాలిపోయిన ఊరది. మరుసటి ఏడాది యోషియో తమియా అక్కడ కలప వ్యాపారం పెట్టాడు. క్రమంగా కొయ్య నమూనాలు, తర్వాత ప్లాస్టిక్ నమూనాలు. 1960లో చేసిన మొదటి ప్లాస్టిక్ కిట్, యమాతో యుద్ధనౌక, సరిగా అమ్ముడుపోలేదు. 1961లో జర్మన్ పాంథర్ ట్యాంకు చేశారు. దానికి మోటారు ఉండాలి, లోపల బ్యాటరీలు పట్టాలి. అవి పట్టేంత సైజులో చేసి తర్వాత కొలిచి చూస్తే సుమారు 1/35 వచ్చింది. ప్రపంచమంతా ఈనాడు ట్యాంకుల నమూనాలకు పాటించే ప్రమాణం వెనక ఉన్నది యుద్ధశాస్త్రం కాదు, బ్యాటరీ సెల్లు! ఆ కంపెనీని ఇంతదాకా పెంచిన షున్‌సాకు తమియా 2025 జులైలో తొంభయ్యో ఏట కన్నుమూశారు.

స్కేలు అన్నాక దానికొక నిజాయితీ ఉంది. 1/35లో పొడవు 35వ వంతు అవుతుంది. వైశాల్యం 1,225వ వంతు, ఘనపరిమాణం 42,875వ వంతు. 41 టన్నుల టి-72ను అచ్చం అదే ఉక్కుతో ఈ కొలతకు చేస్తే కిలోకు కాస్త తక్కువే తూగుతుంది. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి అయిదు సెంటీమీటర్లకు వస్తాడు. మరి ఎకరం పొలం? మూడు చదరపు మీటర్లు దాటుతుంది. మా హాస్టలు మంచాలు రెండు పక్కపక్కన వేస్తే ఎంత చోటో, అంత. ఈ లెక్క నేను సరదాకి వేశాను. వేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ట్యాంకు పెట్టెలో ఉంది, మనిషి అప్పుడప్పుడూ ఉంటాడు. ఆ రెండు మంచాల నేల ఏ పెట్టెలో ఉంది?

నేను సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి నాకు ఈ సందేహం వచ్చిందనుకుంటాను. చరిత్ర తిరగేస్తే తెలిసింది, ట్యాంకు పుట్టిల్లు పొలమేనని. కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్ట్ మెత్తటి నేలలో దిగబడకుండా నడిచే గొలుసు చక్రాల ట్రాక్టరు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఫిరంగులు లాగడానికి వాటినే వాడుకున్నారు. ఆ గొలుసు నడక చూసే ట్యాంకు ఆలోచన బలపడింది. 1915లో మొదటి నమూనా ట్యాంకు 'లిటిల్ విల్లీ'ని కట్టింది ఎవరనుకున్నారు? లింకన్ పట్నంలో నూర్పిడి యంత్రాలు చేసే విలియం ఫాస్టర్ కంపెనీ. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో ట్యాంకులు మొదటిసారి రంగంలోకి దిగాయి. రెండో యుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ టి-34 ట్యాంకులు చేసింది. ధాన్యం నూర్చే చేతులే ట్యాంకులు బిగించాయి.

కిట్ల పరిశ్రమ కథా అంతే. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ కంపెనీని 1939లో హంగరీ నుంచి వలస వచ్చిన నికొలాస్ కోవ్ ప్రారంభించాడు. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు, యుద్ధం తర్వాత ప్లాస్టిక్ దువ్వెనలు. 1949లో ఫెర్గుసన్ కంపెనీ తమ ట్రాక్టరు అమ్మే ఏజెంట్లకు ఇవ్వడానికి చిన్న నమూనా చేసిపెట్టమని అడిగింది. అదే తర్వాత విడిభాగాల కిట్‌గా అమ్మకానికొచ్చింది. అంటే ఎయిర్‌ఫిక్స్ తొలి కిట్ స్పిట్‌ఫైర్ కాదు, ట్రాక్టరు! స్పిట్‌ఫైర్ 1953లో వచ్చింది. ఆ తర్వాత విమానాలు, ట్యాంకులు, నౌకలు వరసకట్టాయి. ట్రాక్టరు వెనకబడిపోయింది.

ఆ ఫెర్గుసన్ మనకు పరాయివాడేం కాదు. గొర్రును ట్రాక్టరుకు మూడు చోట్ల తగిలించి హైడ్రాలిక్ లిఫ్టుతో ఎత్తి దించే పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది ఆయనే. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ చేసిన మాసీ ఫెర్గుసన్ బండ్లు మన పల్లెల్లో తిరగని దారి లేదు. మా బాబాయి నడిపేదీ అదే. మా బాబాయి సంగతి ఇక్కడ చెప్పాలి. సేద్యానికి రాకముందు ఆయన సైన్యంలో ట్యాంకు డ్రైవరు. సరిగ్గా ఈ టి-72నే రాజస్థాన్ ఇసుకలో నడిపాడు.

ఓసారి నన్ను చూడ్డానికి హాస్టలుకొచ్చాడు. రూమ్మేటు భయంభయంగా బొమ్మ చేతికిచ్చాడు. బాబాయి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "బాగుందిరా అబ్బాయ్, అచ్చు అట్టాగే ఉంది" అన్నాడు. మావాడు పొంగిపోయాడు. బాబాయి ముందు భాగాన నడిమధ్య ఉన్న చిన్న మూత మీద వేలు పెట్టాడు. "నేను కూర్చునేది ఇక్కడ. లోపల ఏముంది?" అన్నాడు. ఏమీ లేదు, ఖాళీ ప్లాస్టిక్. "మే నెలలో మధ్యాహ్నం ఈ ఇనప్పలకని ఒట్టి చేత్తో ముట్టుకుంటే తోలు ఊడొచ్చేది. ముగ్గురం ఉండేవాళ్లం లోపల. మూత వేస్తే ముందు అద్దంలో కనబడినంతే లోకం. దాని పక్కన ఏం నలుగుతుందో నాకు తెలిసేది కాదు." అంతే. టీ తాగి బస్సెక్కాడు.

ఆ రాత్రి మా గదిలో వాదన ఆగిపోయింది. రెండో జట్టుకు దొరకని మాట అదే. తప్పు నమూనా చెయ్యడంలో లేదు, సగం నమూనా చెయ్యడంలో ఉంది. బోల్టు తల ఎన్ని పలకలుందో పుస్తకాలు వెతికి సరిచేసుకునే మనిషి, ఆ బోల్టు కింద నలిగినదాన్ని కొలవకుండా వదిలేస్తే ఆ నిజాయితీ సగంలో ఆగినట్టే.

ఉదాహరణలకు కొదవ లేదు. జర్మన్ టైగర్ ట్యాంకులు యుద్ధం మొత్తంలో తయారైనవి 1,350 లోపే. టి-34లు యాభై వేలకు పైగా. కానీ కిట్ల కేటలాగుల్లో టైగర్‌కున్న మర్యాద చూస్తే యుద్ధం గెలిచింది అదేనేమో అనిపిస్తుంది. జర్మనీలో చట్టం ఒప్పుకోదు కాబట్టి అక్కడ అమ్మే పెట్టెల బొమ్మల మీద స్వస్తిక గుర్తు వెయ్యరు. గుర్తు చెరిపేస్తే చాలా? 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసినప్పుడు 'కీవ్ భూతం' అనే వీర పైలట్ కథ లోకమంతా పాకింది. అది నిజం మనిషి కాదు, కల్పిత వీరుడని ఆ ఏడాదే ఉక్రెయిన్ వైమానిక దళం చెప్పింది. కానీ కీవ్‌లోని ఐసీఎం కంపెనీ ఆ పేరుతో మిగ్-29 కిట్ విడుదల చేసింది. బాంబులు పడుతున్న ఊళ్లో ఉండి పని ఆపనివాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకు ఆ కథ అవసరమేమో. కొనుక్కుని అతికించే మనకు మాత్రం ఏది కొలత, ఏది కథ అన్నది తెలిసుండాలి.

మన దేశంలోనే చూడండి. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను మన సైన్యం ఆపింది. ఎక్కడ ఆపింది? నీళ్లు వదిలి బురద చేసిన పొలాల్లో, కోతకు రాని చెరకు తోటల్లో దాక్కుని. హవల్దార్ అబ్దుల్ హమీద్ పరమవీరచక్ర పొందింది అక్కడే. పాటన్ ట్యాంకు కిట్ కావాలంటే ఇవాళ దొరుకుతుంది. ఆ చెరకు తోట ఎవరిదో, ఆ ఏడు ఆ రైతు ఏం తిన్నాడో ఏ పెట్టె మీదా రాసి ఉండదు. పొలానికి నీళ్లెక్కువైతే ఏమవుతుందో మా నాన్న ముఖంలో చూసినవాణ్ని, నాకు ఆ ప్రశ్న రాక తప్పదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ లోటు తెలిసిన కంపెనీలు లేకపోలేదు. ఫ్రాన్సు హెల్లర్ వాళ్లు ఫెర్గుసన్ ట్రాక్టరును 1/24లో చేశారు. ఉక్రెయిన్ మినీఆర్ట్ వాళ్లు 1/35లో పాతకాలపు జర్మన్ ట్రాక్టరు, కూలిన ఇళ్లు కూడా చేశారు. ఇక నమూనా కళలో మంచివాళ్లు ట్యాంకును ఒంటరిగా వదలరు. కింద నేల, పక్కన గోడ, మనుషులు చేర్చి ఒక దృశ్యంగా కడతారు. దానికి డయోరమా అని పేరు. నేను కోరేది కొత్తది కాదు. ఆ నేలను కూడా ట్యాంకంత శ్రద్ధగా కొలవమంటున్నాను, అంతే.

అందులో మన పల్లెటూరివాళ్లు ఎవరికీ తీసిపోరు. స్పెయిన్ కంపెనీలు వల్యేహో, ఎకె ఇంటరాక్టివ్ బురదను సీసాల్లో పోసి అమ్ముతున్నాయి! మా రూమ్మేటు అలాంటి సీసా ఒకటి కొని ట్యాంకంతా ఒకే రంగు బురద పూశాడు. చూసి నవ్వొచ్చింది. నల్లరేగడి తడిగా ఉంటే నలుపు, ఆరితే బూడిదరంగు, పెచ్చులుగా రాలుతుంది. చక్రం కింద తడి, పైన పొడి. దమ్ములో తిరిగిన బండి కడిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్తే వాడు తుడిచి మళ్లీ వేశాడు. ఇన్నాళ్ల చదువులో నా ఊరి జ్ఞానం ఒకరికి పనికొచ్చిన రోజు అది. రికార్డు పుస్తకాలు పక్కవాణ్ని చూసి నింపే మనకు చేత్తో చేసి సరిచూసుకునే పని ఎంత అవసరమో ఆ రోజే తెలిసింది.

మిత్రులారా, వచ్చే ఏడు మన సైన్సు ఎగ్జిబిషన్‌లో అదే అగ్నిపర్వతం, అదే సోలార్ కుక్కరు కాకుండా రెండు మంచాలంత నేల చేద్దాం. ఎకరం పొలం, 1/35 కొలతకు. గట్లు, బోదె, వరి, చెరకు అన్నీ లెక్క ప్రకారం. 2022లో ఉక్రెయిన్ రైతులు వదిలేసిన రష్యన్ ట్యాంకులను ట్రాక్టర్లకు కట్టి ఈడ్చుకుపోయిన దృశ్యం లోకమంతా చూసింది. నూరేళ్ల కిందట పొలం నుంచి వెళ్లిన గొలుసు చక్రం పొలం దారిన తిరిగొచ్చినట్టు నాకనిపించింది. మన ఎకరంలో ఆ దృశ్యం పెడదాం. రూమ్మేటు ట్యాంకు ఇస్తానన్నాడు. డ్రైవరు మూత తెరిచి అయిదు సెంటీమీటర్ల మనిషిని కూడా కూర్చోబెడతానన్నాడు. పరీక్షలయ్యాక ఇంటికెళ్లినప్పుడు నేను బాబాయి ట్రాక్టరుకు టేపు పట్టి కొలతలు రాసుకొచ్చాను. అన్నిటినీ 35తో భాగించాను. వెనక చక్రం ఎత్తు నాలుగు సెంటీమీటర్లొచ్చింది. దాన్ని దేనితో చెయ్యాలో ఇంకా తేలలేదు. తెలిసినవారు మా గదికి రండి.

— బి.యస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి