రిమోట్ ఎవరి చేతిలో ఉంది?

పోయిన వారం ఆఫీసు క్యాంటీన్లో చిన్న గొడవైంది. గొడవంటే మరీ గొడవ కాదు లెండి, కాఫీ చల్లారేంత వాదన. మా టీమ్‌లో ఒకాయన ఉన్నారు. నలభై ఎనిమిదేళ్ళుంటాయి, మేమందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన మా వాట్సాప్ గుంపులో ఒక వీడియో ముక్క పెట్టారు. 1980ల్లో దూరదర్శన్‌లో వచ్చిన జెయింట్ రోబో. ఒక పిల్లాడు చేతి గడియారంలోకి ఏదో చెబుతాడు, ఈజిప్టు రాజు మొహమున్న పెద్ద ఇనుప మనిషి గాల్లోకి లేస్తాడు. దాని కింద అన్న రాసిన మాట: "కార్టూన్లంటే ఇవీ! మంచోడు మంచోడే, చెడ్డోడు చెడ్డోడే. ఇప్పటి పిల్లలకి ఏముంది, చెత్త తప్ప!"

అందరూ దండాలు, గుండె బొమ్మలు పెట్టేశారు. నాకే ఎక్కడో కాలింది.

ముందో సంగతి. జెయింట్ రోబో కార్టూనే కాదు. 1967లో జపాన్‌లో తోయీ కంపెనీ మనుషులతో తీసిన సీరియల్. రోబో లోపల కూడా మనిషే. సరే, చిన్నప్పటి సంగతి కదా, అంత తేడా ఎవరికి గుర్తుంటుంది? దాన్ని వదిలేద్దాం. నా గొడవ ఆ రెండో వాక్యంతో. "మంచోడు మంచోడే, చెడ్డోడు చెడ్డోడే." ఈ మాట నిజం కాదు. ఆ పాత రోబో కథలు చెప్పింది దాదాపు దీనికి ఉల్టా.

నా సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే మోసం చేసినట్టుంటుంది. నా చిన్నతనం పోకెమాన్, బేబ్లేడ్ కాలం. ఈ పాత రోబోలు నేను చూసింది బీటెక్ హాస్టల్లో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఇంటర్నల్స్ ముందు రాత్రి. అంటే నాది అరువు తెచ్చుకున్న నోస్టాల్జియా. కానీ ఒక లాభం ఉంది, నేను చివరి ఎపిసోడ్ దాకా చూశాను :)

మొదట్నించీ వద్దాం. జెయింట్ రోబోని సృష్టించిన మిత్సుతేరు యొకొయామా అంతకుముందే, 1956లో, తెత్సుజిన్ 28 అనే బొమ్మల కథ మొదలెట్టాడు. 1963లో అది టీవీ కార్టూన్ అయింది. భారీ రోబో కార్టూన్లకి అదే మూలపురుషుడు. అమెరికాలో జైగాంటర్ పేరుతో వేశారు. యొకొయామా 1934లో కోబె నగరంలో పుట్టాడు. యుద్ధంలో ఆ ఊరు బాంబులకి తగలబడిపోవడం ఎరిగిన తరం. అతని కథలో తెత్సుజిన్ ఎవరు? రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం తయారు చేయించబోయిన ఆయుధం. యుద్ధం అయిపోయింది, ఆయుధం మిగిలిపోయింది. దానికి సొంత బుర్ర లేదు. ఒక రిమోట్ పెట్టె ఉంటుంది. అది షోతారో అనే కుర్రాడి చేతిలో ఉంటే రోబో ఊరిని కాపాడుతుంది. దొంగల చేతికి చిక్కితే అదే రోబో, అదే బలం, అదే ఊరి మీద పడుతుంది. కథలో సగం ఉత్కంఠ ఆ పెట్టె చేతులు మారడంలోనే ఉంది. ఇందులో మంచి రోబో ఎక్కడుంది, చెడ్డ రోబో ఎక్కడుంది? రిమోట్ ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

తర్వాత 1972 డిసెంబర్లో గో నగాయ్ మజింగర్ జెడ్ వచ్చింది. ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నప్పుడు, కారుకి కాళ్ళొచ్చి ముందున్న కార్ల మీంచి నడిచిపోతే ఎంత బావుణ్ణు అనుకున్నాడట నగాయ్. (మన ఐటీ కారిడార్లో రోజూ అనుకునేదే, మనకి మాత్రం కార్టూన్ రాలేదు.) అలా కుర్రాడు రిమోట్ వదిలేసి రోబో తలలోకెక్కి కూర్చున్నాడు. కానీ ఆ యంత్రాన్ని మనవడికి అప్పగించే తాత ఏం చెబుతాడు? దీంతో నువ్వు దేవుడివీ కావచ్చు, దెయ్యానివీ కావచ్చు అని. బలం ఇచ్చాడు గానీ, ఎటు పోతావో పూచీ ఇవ్వలేదు.

ఇక అసలు కథ వోల్టస్ 5ది. 1977లో జపాన్‌లో వచ్చింది, 40 ఎపిసోడ్లు. మరుసటి ఏడు ఫిలిప్పీన్స్ టీవీలోకి వచ్చి, అక్కడి పిల్లల్ని మంచానికి కట్టేసినట్టు టీవీ ముందు కూర్చోబెట్టింది. కథలో శత్రువులది ఒక సామ్రాజ్యం. తల మీద కొమ్ములుంటే ప్రభువు, లేకపోతే బానిస. పుట్టుకే హోదా! మనకి కొత్తగా చెప్పాలా? అదే గ్రహం మీద కొమ్ముల్లేకుండా పుట్టిన ఒకతను తప్పించుకుని భూమికొస్తాడు. మన హీరోల తండ్రి అతనే. శత్రు సేనాని ఎవరో కాదు, వాళ్ళ సవతి అన్న. కథ సాగి సాగి బానిసలు తిరగబడి సామ్రాజ్యాన్ని కూల్చడం దగ్గరికి వెళ్తుంది.

సరిగ్గా అక్కడ, 1979లో, మార్కోస్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఇంకా నాలుగు ఎపిసోడ్లే మిగిలాయి. దాంతో పాటు మిగతా రోబో కార్టూన్లు కూడా ఆగిపోయాయి. హింస ఎక్కువైంది, పిల్లలు చెడిపోతున్నారు అన్నది చెప్పిన కారణం. తిరుగుబాటు చూపిస్తుందని భయపడే ఆపారని అక్కడి జనం ఈనాటికీ అంటారు. పాలకుడి మనసులో ఏముందో పక్కన పెట్టండి. జరిగింది మాత్రం ఇదీ: ఒక తరం పిల్లలు రోబో కత్తి తిప్పడం చూశారు, ఆ కత్తి ఎందుకు తిప్పిందో చూడలేదు. 1986లో మార్కోస్ దేశం వదిలి పారిపోయాక గానీ ఆ రోబో అక్కడి టీవీలోకి తిరిగి రాలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక 2023లో అదే కథని సొంతంగా సీరియల్ తీసుకున్నారంటే ఆ వెలితి ఎంతో చూడండి.

ఇప్పుడు నా మాట. మన నోస్టాల్జియా కూడా అదే కత్తెర. కత్తి తిప్పడం, టైటిల్ పాట, ఆదివారం పొద్దున్న, అమ్మ వేసిన అట్టు, ఇవన్నీ ఉంచుకుంటుంది. చివరి నాలుగు ఎపిసోడ్లు కోసి పారేస్తుంది. మార్కోస్ ఆర్డరు వేస్తే కోపమొస్తుంది. అదే పని మనం ప్రేమతో చేస్తే "ఆ రోజులే వేరు" అంటాం.

"పిల్లల బొమ్మలకి ఇంత అర్థాలు తియ్యాలా తమ్ముడూ, అవన్నీ బొమ్మలమ్ముకునే ప్రకటనలు కదా" అన్నారు అన్న క్యాంటీన్లో. మంచి ప్రశ్నే. నిజం కూడా. 1974లో పోపీ కంపెనీ మజింగర్ ఇనుప బొమ్మలు అమ్మడం మొదలెట్టినప్పట్నించీ ఈ కార్టూన్లకి డబ్బు పెట్టింది ఎక్కువగా బొమ్మల కంపెనీలే. 1979లో గండమ్‌కి డబ్బు పెట్టిన క్లోవర్ కంపెనీ, బొమ్మలు అమ్ముడుపోవట్లేదని 43 ఎపిసోడ్లకే దాన్ని ముగించేసింది. కానీ మనం ఐటీ వాళ్ళం, క్లయింటు అంటే ఏంటో మనకి తెలీదా? వారం వారం రోబో కనపడాలి, కొత్త ఆయుధం చూపించాలి, ఇదీ రిక్వైర్‌మెంట్. ఆ దర్శకులు రిక్వైర్‌మెంట్ మొత్తం తీర్చారు. తీర్చి, అందులోనే తమ మాటా పెట్టారు. యోషియుకి తొమినో 1977లో తీసిన జాంబాట్ 3 చూడండి. రోబో శత్రువుతో కొట్లాడితే ఊళ్ళు కూలిపోతాయి, కూలిన ఇళ్ళ జనం హీరోల్నే రాళ్ళుచ్చుకుని తరుముతారు. మామూలు మనుషుల ఒంట్లో బాంబులు పెట్టి పంపుతారు. హీరో కుటుంబంలో ఒక్కొక్కరే చచ్చిపోతారు. చివరికి తేలే అసలు శత్రువు ఒక కంప్యూటర్. చెడు ఆలోచనలున్న జీవుల్ని తుడిచిపెట్టాలని దానికి రాసిన ప్రోగ్రాం, అది అమలు చేస్తోందంతే. "నువ్వు కాపాడిన వీళ్ళు నీకు థాంక్స్ చెబుతారా?" అన్న అర్థమొచ్చేలా ఆ కుర్రాణ్ణి అడుగుతుంది. అతని దగ్గర సరైన జవాబుండదు. ఇది బొమ్మలమ్మడానికి తీసిన ప్రకటన! మనం రోజూ రాసే డెలివరీల్లో ఇంత నిజాయితీ ఎక్కడుంది?

అదే నా అసలు బాధ. రెండేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టులో నాకో మాడ్యూల్ ఇచ్చారు. ఉద్యోగి ఎన్ని నిమిషాలు మౌస్ కదపలేదో లెక్కబెట్టి పై వాళ్ళకి రిపోర్టు పంపాలి. రాశాను. బాగానే రాశాను, ఒక్క బగ్గు కూడా రాలేదు. మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది. ఆ రిపోర్టు చూసి ఎక్కడ ఎవరిని ఇంటికి పంపారో నాకు తెలీదు. తెలీదు ఏంటి, అడగలేదు. తెత్సుజిన్ కూడా అడగడు కదా, బటన్ నొక్కితే నడుస్తాడు. షోతారో కథ ఇష్టమని హాస్టల్లో గోడకి పోస్టర్ అంటించుకున్నవాణ్ణి, రిమోట్ ఎవరి చేతిలో ఉందో అడగాలని తోచలేదు. కథలోని రోబో మాత్రమే గుర్తుండి, ప్రశ్న మర్చిపోతే ఇలాగే ఉంటుంది.

"ఇప్పటి పిల్లలకి ఏముంది" అనేవాళ్ళకి ఇంకో మాట. 1980లో ఇటలీలో ఇమోలా అనే ఊరి తల్లిదండ్రులు ఈ రోబో కార్టూన్ల మీద సంతకాలు సేకరించారు, పిల్లలు పాడైపోతున్నారని. మీరు దండం పెడుతున్న ఆ బంగారు కాలాన్ని అప్పటి పెద్దలు చెత్త అన్నారు. మన పిల్లలు చూస్తున్నదాన్ని తిట్టే ముందు, వాళ్ళ పక్కన కూర్చుని చివరి ఎపిసోడ్ దాకా చూద్దాం. చెత్తయితే అప్పుడు తిడదాం, నేనూ వస్తాను.

ఇదంతా అన్నకి చెప్పి, చివరగా అడిగాను. "అన్నా, జెయింట్ రోబో చివర్లో ఏమవుతుందో గుర్తుందా?" కాసేపు ఆలోచించి, "లేదయ్యా, ఎప్పుడూ గెలిచేదిగా" అన్నారు. చెప్పాను. పిల్లాడు వెనక్కి వచ్చెయ్యమని గడియారంలో అరుస్తూనే ఉంటాడు. 26 ఎపిసోడ్ల పాటు చెప్పిన ప్రతి మాటా విన్న ఆ రోబో మొదటిసారి మాట వినదు. శత్రువుని పట్టుకుని అంతరిక్షంలోకి వెళ్ళిపోయి దానితో పాటే పేలిపోతుంది.

అన్న ఏమీ అనలేదు. కప్పు పక్కన పెట్టి, సీటు దగ్గరికెళ్ళాక ఒక్క మెసేజ్ పెట్టారు: "ఆ చివరి ఎపిసోడ్ లింకు పంపు తమ్ముడూ. మా వాడితో కలిసి చూస్తా."

పంపాను.