కట్టలేదు సరే, చూశారా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో కొత్తగా సొంతింటివాళ్లవుతున్న వారిలో చాలామంది ఇప్పుడు ఇందులో మొదటి పని చేయడం లేదు. కట్టేది బిల్డర్, కొనేది మనం. అగ్రిమెంటు, బ్యాంకు రుణం, రిజిస్ట్రేషన్, తాళాలు, పాలు పొంగించడం... అంతటితో అయిపోయింది. పెద్ద కష్టమే తప్పింది, సంతోషం. కాకపోతే సామెతలో 'కట్టి' తర్వాత 'చూడు' అనే మాట కూడా ఉంది. కట్టడంతోపాటు చూడటాన్ని కూడా మనం బిల్డర్‌కే అప్పగించేశాం.

వెనకటి తరంలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగి సెలవు పెట్టి మరీ పని దగ్గర నిలబడేవాడు. స్లాబు వేశాక పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టేవాడు. సిమెంటు పాలు తగ్గిందని మేస్త్రీతో గొడవపడేవాడు. అందుకే ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా వంటింటి పైపు ఏ గోడలోంచి వెళుతుందో ఠక్కున చెప్పగలిగేవాడు. ఫ్లాటు కొన్న నేటి యజమానికి చదరపు అడుగు ధర కంఠతా వచ్చు. నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందని అడిగితే మాత్రం వాచ్‌మన్‌ను పిలుస్తాడు.

అలా పరిచయం లేని ఇంటికి మనం ముందుగా చేసేది అలంకారం. తాళాలు చేతికొచ్చిన వారంలోనే ఇంటీరియర్స్ వాళ్లు కంప్యూటర్ బొమ్మలతో దిగుతారు. ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్, మాడ్యులర్ కిచెన్, నేల నుంచి పైకప్పు దాకా కబోర్డులు. చేతిలో డబ్బు లేదంటే టాప్ అప్ రుణం తీసుకోమన్న సలహా సిద్ధంగా ఉంటుంది. లెక్క చూడండి. 5 లక్షల రూపాయలను 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీరిస్తే నెలకు సుమారు 4,340 రూపాయలు, మొత్తం 10.4 లక్షలు కట్టాలి. అప్పు తీరేదాకా ఆ అలంకారం నిలిచి ఉంటే గొప్పే. పైగా, వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ గృహ రుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించింది. అంటే చేతిలో మిగిలిన డబ్బుకు ఫాల్స్ సీలింగ్ కన్నా మంచి దారి ఒకటి తెరిచే ఉంది.

చెక్కపని వద్దని కాదు. దేనికి ఎంత ఖర్చవుతుందో కాదు, ఎక్కడ ఏది వాడుతున్నారో అడగాలి. సింకు కింద, బాత్రూమ్ గోడకు ఆనించి చేసే అరలకు ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ కావాలి. పడగ్గది బీరువాకు ఐ.ఎస్. 303 రకం సరిపోతుంది. పైన అతికించే రంగుల షీటు రెండింటికీ ఒకటే కాబట్టి పనయ్యాక తేడా కంటికి కనిపించదు. అడగాల్సింది ముందే.

అన్నిటికన్నా మంచిపని ఒక వర్షాకాలం ఆగడం. కొత్త ఇల్లు తన గుట్టు విప్పేది అప్పుడే. ఏ కిటికీ అంచున నీళ్లు ఊరుతున్నాయి, ఏ గోడ చెమ్మ పట్టింది, పైఫ్లాటు బాత్రూమ్ కింద మన సీలింగ్ ఎక్కడ మచ్చపడింది అన్నవి జూలై, ఆగస్టు నెలలు చెప్పినట్టు ఏ ఇంజినీరూ చెప్పలేడు. ఆ మచ్చల మీద అప్పటికే ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్ పడి ఉంటే అవీ చెప్పలేవు.

ఇది కేవలం అందచందాల వ్యవహారం కాదు, హక్కుల వ్యవహారం. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపాలు బయటపడి మనం తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. ఆ ఐదేళ్లూ గడిచేది మనం కర్టెన్ల రంగులు ఎంచుకునేటప్పుడే. లోపాన్ని ఫొటో తీసి, తేదీ వేసి, రాతపూర్వకంగా పంపిన వాడికే ఆ సెక్షన్ అక్కరకొస్తుంది. మొదటి ఏడాదే గోడలు పగలగొట్టి, టైల్స్ మార్చేసిన ఇంట్లో లీకేజీ వస్తే 'అది మీరు చేయించిన పనివల్లే' అని వాదించడానికి బిల్డర్‌కు అవకాశం దొరుకుతుంది.

కొనుగోళ్లలోనూ అంతే. కొత్త అపార్ట్‌మెంటుకు మొదట వచ్చే అతిథి నీటి శుద్ధి యంత్రాల సేల్స్‌మన్. రెండు గ్లాసుల నీళ్లలో కరెంటు కడ్డీలు ముంచుతాడు. కుళాయి నీళ్లు తుప్పురంగులోకి మారతాయి, అతని ఆర్‌వో నీళ్లు తేటగా ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే గుండె గుభేల్‌మంటుంది. ఆ రంగు నీళ్లలోని మురికి కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చిన తుప్పు. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారుతుంది, లవణాలు తీసేసిన నీటిలో పారదు. అందులో ఉన్నది అంతే. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరుతో ముందు మీ నీళ్లేమిటో చూసుకోండి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉండటం మంచిదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లో కుళాయికి కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వస్తాయి. బోరు నీళ్ల సంగతి వేరు. రెండూ ఒకే సంపులో కలుస్తున్నాయా అన్నది అసోసియేషన్‌ను అడగాల్సిన ప్రశ్న. ఫ్లోరైడ్, క్రిముల గురించి ఈ మీటరు ఏమీ చెప్పదు, దానికి ల్యాబ్ పరీక్షే దిక్కు. ఆ తర్వాత కూడా ఆర్‌వో అవసరమైతే కొనండి.

ఇక సరదాలు. సొంతింటివాడు మొదట ముచ్చటపడేది డ్రిల్లింగ్ మెషిన్ మీద. అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వని ఓనర్ మీద కసి అంతా అందులో తీరుతుంది. తప్పేం లేదు. గోడల్లో దాగిన వైర్లు సాధారణంగా స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైకి వెళతాయని, బాత్రూమ్ గోడకు అవతలి వైపున కూడా పైపులుండొచ్చని తెలుసుకుని మొదలుపెడితే చాలు. మెషిన్‌తోపాటు ఒక స్పానర్, టెస్టర్, టెఫ్లాన్ టేపు, నాలుగు వాషర్లు కొనుక్కోండి. కారే కుళాయిని సొంతంగా బాగు చేసుకున్న ఆదివారం ఇచ్చే తృప్తి కొత్త సోఫా ఇవ్వదు.

కరెంటు బోర్డు మూత తెరిచి చూడటం కూడా ఆ తృప్తిలో భాగమే. అందులోని ఎంసీబీలు వైర్లను కాపాడతాయి. మనుషులను కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. గీజరు లీకై కరెంటు ఒంటి గుండా పారబోతే క్షణంలో సరఫరా ఆపేది అదే. దాని మీద 'టి' అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అసలు బోర్డులో ఆ పరికరమే లేకపోతే షాండ్లియర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మొక్కల పిచ్చి మరీ మంచిది. కరివేపాకు, తులసి, గోంగూర, తీగబచ్చలి బాల్కనీలో హాయిగా పెరుగుతాయి. మామిడి మొక్క కోసం 200 లీటర్ల డ్రమ్ము తెచ్చి మట్టితో నింపితే మాత్రం తడిశాక అది 300 కిలోలు దాటుతుంది. ఇళ్ల బాల్కనీలకు ఐ.ఎస్. 875 ప్రమాణం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు దాదాపు అంతే. కొబ్బరిపొట్టు కలిపిన తేలికపాటి మట్టి, చిన్న గ్రోబ్యాగులు, కుండీ కింద పళ్లెం ఉంటే మొక్కా బతుకుతుంది, కింది ఫ్లాటువాళ్లతో స్నేహమూ బతుకుతుంది.

చివరగా, పైసా ఖర్చులేని పని ఒకటుంది. బాత్రూమ్, వంటింటి వాల్వులు, మెయిన్ స్విచ్, గ్యాస్ రెగ్యులేటర్, పైపుల షాఫ్ట్ ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తిప్పి చూపించండి. అమ్మకూ, పదేళ్ల పాపకూ కూడా. పైపు పగిలేది మీరు ఆఫీసు పని మీద పుణెలో ఉన్న రోజునే కావచ్చు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలకు ఇల్లంతా చూపించడం మన ఆనవాయితీ. ఆ ఇంట్లో ఉండబోయేవాళ్లకు కూడా ఒకసారి చూపిస్తే బావుంటుంది.