మూలకణముల మూలమేమి?

నదీమూలమును, ఋషిమూలమును అడుగరాదని మనవారందురు. ఆ రెండింటితో మూలకణమును జేర్చినవారెవరో యెరుగను. పేరులోనే మూలమున్న వస్తువునకు మూలమడుగువాడు లేకపోవుట వింత.

గుంటూరుసీమలో మా పల్లెయందొక మిరపరైతు, ఆటిజము గల తన కుమారునకు మూలకణచికిత్స చేయింపగోరి, ఎకరము పొలమమ్మి నగరమునకు బోయివచ్చెను. "ఆ కణము లెవరివయ్యా?" అని యడిగితిని. "డాక్టరుగారికి తెలుసు పంతులుగారూ, మనకేమి తెలుసు?" అనెను. ఈతడే పత్తివిత్తుల పొట్లము కొనునప్పుడు లాటు నెంబరు చదివించుకొనును, రసీదు పదిలపరచును, పదిగింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలక చూడనిదే పొలములో విత్తడు. విత్తు కల్తీయైన నొక పంట పోవును. బిడ్డ దేహమున కాపాటి పరీక్షయు వలదా?

నేనాతని నిందింపను. "పోవునదేమున్నది, చేయించి చూడు" మని పురికొల్పిన బంధువు పట్టభద్రుడు. నా నింద యట్టి చదువరులపై. పోవునదేమో చెప్పెదను. వంశానుగతమైన నరములవ్యాధి గల యొక ఇజ్రాయేలు బాలునకు 2001లో మాస్కోలో, పిండములనుండి తీసిన కణములను మెదడులో నెక్కించిరి. పిమ్మట మరి రెండుమారులును ఎక్కించిరి. మొదటి చికిత్సకు నాలుగేండ్లకు మెదడునను వెన్నునను కణుతులు బయల్పడెను. ఆ కణితి బాలుని దేహమున బుట్టినది కాదనియు, కనీస మిద్దరు దాతల కణములనుండి పెరిగినదనియు 2009లో పరిశోధకులు ప్రకటించిరి.

"మన కొవ్వునుండి తీసి మనకే యెక్కింతురు గదా, భయమేమి?" అని మరికొందరందురు. 2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో మువ్వురు వృద్ధస్త్రీలు అట్టి కణములనే రెండుకన్నులలో నెక్కించుకొని, ఉన్న చూపును గూడ బోగొట్టుకొనిరి. అందులకు వారు చెల్లించినది తలకు 5,000 డాలర్లు!

మూలకణశాస్త్రమే బూటకమని నేననను. సున్నము పడి ఒక కన్ను కాలినవారికి, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థవారు రెండవకంటి నల్లగ్రుడ్డు అంచునుండి చిన్నతునుక దీసి నాటి, అనేకులకు చూపు తెప్పించినారు. అచట కణమెవరిదో రోగికి తెలియును. ఫలించినవి, ఫలింపనివి కూడ వైద్యపత్రికల కెక్కినవి.

భారత వైద్య పరిశోధనా మండలి 2017 నియమావళి ప్రకారము, నిరూపణ కాని మూలకణప్రయోగము ఆమోదము పొందిన పరీక్షగానే జరుగవలెను. అందులకు రోగివద్ద రుసుము గొనరాదు. ఇక ఎకరము వెల పుచ్చుకొన్నవారు దానికేమి పేరు పెట్టుకొందురు? చికిత్స యందురా, నిరూపణ లేదు. పరీక్ష యందురా, పైకము పుచ్చుకొనరాదు.

ఆ రైతును రెండవ విడతకు వచ్చేనెల రమ్మనిరట. అతనికి మిగిలినది ఎకరమున్నర.