చుక్క రక్తంతో చిన్నారి మెదడుకు రక్ష

కాన్పు కాగానే ‘బాబా, పాపా? బరువెంత?’ అని అడుగుతాం. ఇకపై మరో ప్రశ్న కూడా అడగండి: ‘బిడ్డకు టీఎస్‌హెచ్ పరీక్ష చేశారా?’

కొందరు శిశువుల్లో పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి ఉండదు. ఉన్నా సరిగా పనిచేయదు. మొదటి రెండుమూడేళ్లలో మెదడు ఎదగాలంటే ఈ హార్మోన్ తప్పనిసరి. అందకపోతే బుద్ధిమాంద్యం వస్తుంది. ఆ నష్టాన్ని తర్వాత ఏ మందూ పూడ్చలేదు. హైదరాబాద్ సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించిన ఐసీఎంఆర్ అధ్యయనంలో సుమారు 1,100 మందిలో ఒకరికి ఈ లోపం కనిపించింది.

తల్లి నుంచి అందిన హార్మోన్ కొన్నాళ్లు కాపాడుతుంది కాబట్టి పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటుంది. అతినిద్ర, పాలు సరిగా తాగకపోవడం, తగ్గని కామెర్లు, మలబద్ధకం బయటపడేసరికి విలువైన వారాలు గడిచిపోతాయి. ‘మావాడు బుద్ధిమంతుడు, ఏడవనే ఏడవడు’ అని మురిసిపోయేవారూ ఉంటారు. ‘తల్లికి థైరాయిడ్ లేదు కదా’ అన్న ధీమా కూడా పనికిరాదు. ఈ పిల్లల్లో చాలామంది తల్లులకు ఏ సమస్యా ఉండదు.

కెనడాలోని క్యూబెక్‌లో శిశువులందరికీ ఈ పరీక్ష 1974లోనే మొదలైంది. మన దేశంలో 2013లో వచ్చిన ఆర్‌బీఎస్‌కే జాబితాలోనూ ఈ జబ్బు ఉంది. అయితే మా ప్రాంతంలో పరీక్ష చేయడం కన్నా ఫలితం చేర్చడమే కష్టం. చర్ల, దుమ్ముగూడెం అటవీ గూడేల నుంచి, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి గర్భిణులు భద్రాచలం వస్తారు. మడమ నుంచి రక్తం తీయడానికి పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య సమయం మేలు. అంతకుముందే ఇంటికి వెళ్లేవారికి కాన్పు సమయంలోనే బొడ్డుతాడు రక్తం తీయడం ఆచరణకు వీలైన మార్గం. ఫోన్ కలవని ఊళ్లకు ఫలితాన్ని ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం మోసుకెళ్లాలి. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ గిరిజన ప్రాంతాల్లో రక్త పరీక్షలు చేయిస్తోంది. కార్డుపై ఆరబెట్టిన మడమ రక్తంతో రెండు పరీక్షలూ చేయవచ్చు. రెంటినీ కలిపితే ఖర్చు, శ్రమ రెండూ తగ్గుతాయి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వారి మెదడు నుంచి థైరాయిడ్‌కు సంకేతాలు ఆలస్యంగా అందుతాయి. మొదటి ఫలితం మామూలుగా వచ్చినా తర్వాత టీఎస్‌హెచ్ పెరగవచ్చు. అందుకే వారికి, బరువు తక్కువ శిశువులకు, కవలలకు 2 నుంచి 4 వారాల మధ్య మరోసారి పరీక్ష చేయించాలి.

లోపం తేలితే కంగారు వద్దు, జాప్యం అసలే వద్దు. రెండు వారాల్లోపే చికిత్స మొదలైతే ఎక్కువమంది పిల్లలు మామూలుగానే ఎదుగుతారు, చదువుకుంటారు. లెవోథైరాక్సిన్ మాత్రను నలిపి, చెంచాడు తల్లిపాలలో లేదా నీళ్లలో కలిపి రోజూ ఒకే వేళకు పట్టాలి. ఐరన్, కాల్షియం మందులతో కలపొద్దు. బిడ్డ హుషారుగా ఉందని సొంతంగా ఆపొద్దు. మందు ఇంకా అవసరమా లేదా అన్నది మూడేళ్లు నిండాక డాక్టర్ తేలుస్తారు.

డిశ్చార్జి కాగితంలో టీకాల వివరాల పక్కన టీఎస్‌హెచ్ ఫలితం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడగండి.